పాత ఆయిల్ క్యాన్ దొరికితే ముందు ఏం చేయాలి? ఏం చేయకూడదు? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

వీడియో చూడ్డానికి టైమ్ లేనివాళ్ళ కోసం, డేటా సేవ్ చేసుకునేవాళ్ళ కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌లో నేను మాట్లాడిందంతా ఇక్కడ రాతలో పెడుతున్నాం. మాట్లాడినట్టే ఉంటుంది, అక్కడక్కడ కొంచెం సర్దాం, అంతే.

ఈ రోజు నా టేబుల్ మీద ఏడు వస్తువులున్నాయి. అన్నీ ఆయిల్ క్యాన్లే. వంటనూనె డబ్బాలు కాదండోయ్. మెషిన్లకి చుక్క చుక్కగా నూనె వేసే క్యాన్లు, ఇంజన్ ఆయిల్ అమ్మిన పాత రేకు డబ్బాలు. పోయిన నెల ఒక షార్ట్ వీడియోలో నా వెనక షెల్ఫ్‌లో ఇవి కనిపించాయి. అంతే, కామెంట్స్ అన్నీ వీటి మీదే. "అన్నా, మా ఇంట్లో కూడా ఒకటుంది, తుప్పు పట్టింది, ఎలా క్లీన్ చేయాలి?" అని చాలామంది అడిగారు.

క్లీన్ చేయడం చెప్తాను. కానీ దానికంటే ముందు, క్లీన్ చేసి నేను పాడు చేసిన క్యాన్ ఒకటుంది. దాని కథ చెప్తాను. అది వింటే మిగతాదంతా ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

నేను చేసిన తప్పు

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా తాతయ్య రైసు మిల్లులో ఇంజన్ డ్రైవరు. డ్రైవరంటే బండి తోలేవాడు కాదు, మిల్లు ఆయిల్ ఇంజన్ స్టార్ట్ చేసి, బెల్టులు చూసుకుని, బేరింగులు వేడెక్కకుండా గంట గంటకీ నూనె చుక్కలు వేసే మనిషి. మిల్లుకి కరెంటు మోటారు వచ్చాక ఇంజన్ని తుక్కుకి అమ్మేశారు. ఆయిల్ క్యాన్‌ని మాత్రం తాతయ్య అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అది అటక మీద ఉండిపోయింది.

నాలుగేళ్ళ క్రితం సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు దాన్ని దించాను. నల్లగా, జిడ్డుగా, మందంగా మడ్డి కట్టి ఉంది. అప్పట్లో నేను ఫారిన్ రెస్టొరేషన్ వీడియోలు తెగ చూసేవాణ్ణి. తుప్పు పట్టిన వస్తువు మొదట్లో, అద్దంలా మెరిసేది చివర్లో, మధ్యలో మంచి సౌండు. నేనూ అలాంటిదొకటి తీద్దామని డ్రిల్ మెషిన్‌కి వైరు బ్రష్ బిగించి గీకేశాను. ఇరవై నిమిషాల్లో వెండి గిన్నెలా మెరిసిపోయింది. భలే సంతోషపడి నానమ్మకి చూపించాను.

నానమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "అక్షరాలేవిరా?" అంది.

ఏ అక్షరాలని అడిగాను. అప్పుడు చెప్పింది. మిల్లులో ఇద్దరు డ్రైవర్లు, క్యాన్లు మారిపోయేవట. తాతయ్యకి చదువు రాదు. మిల్లు గుమస్తా రాత్రిపూట కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడట. అలా నేర్చుకుని, తన పేరులో మొదటి రెండు అక్షరాలు నీలం రంగు పెయింటుతో ఆ క్యాన్ మీద రాసుకున్నాడట. ఆ మడ్డి కింద అవి ఉన్నాయి. నేను గీకుతున్నప్పుడు నీలం పొడి రాలడం చూశాను కూడా. ఏదో పాత పెయింటనుకున్నా.

ఆయన చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు. నేను గీకే ముందు ఫోటో కూడా తీయలేదు.

"పోనీలే నానమ్మా, మళ్ళీ నీలం రంగుతో నేను రాస్తాలే" అన్నాను. "నువ్వు రాస్తే అది నీ రాత అవుద్ది గానీ ఆయనది ఎలా అవుద్దిరా" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది.

ఆ క్యాన్ ఇదే, టేబుల్ మీద చివర ఉన్నది. ఇప్పటికీ బాగా మెరుస్తోంది. కానీ ఇప్పుడది ఎవరి క్యానైనా కావచ్చు. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు ఇవి ఎలా పనిచేస్తాయి?

సరే, ముందు వస్తువుని అర్థం చేసుకుందాం. క్యాన్లు చూడ్డానికి రకరకాలుగా ఉన్నా, పనిచేసే పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది అడుగు నొక్కే రకం. మా ఊళ్ళో టిక్ టిక్ డబ్బా అనేవాళ్ళు. పైన గరాటుని తిరగేసినట్టు సన్నటి ముక్కు, కింద పల్చటి రేకు అడుగు. కుట్టుమిషన్ ఉన్న ఇళ్ళలో చిన్న సైజుది చూసే ఉంటారు. క్యాన్ని వంచి బొటనవేలితో అడుగు నొక్కితే, లోపల జాగా తగ్గి నూనె ముక్కులోంచి బయటికి వస్తుంది. వేలు వదిలేస్తే అడుగు "టిక్" మని వెనక్కొస్తుంది, ముక్కులోంచే గాలి లోపలికెళ్తుంది. లోపల వాల్వు లేదు, పిస్టన్ లేదు. ఆ రేకు స్ప్రింగులా పనిచేయడమే మొత్తం టెక్నాలజీ.

రెండోది పంపు రకం. చేతి పిడి దగ్గర లివరు ఉంటుంది, బొటనవేలితోనో, వేళ్ళతోనో నొక్కుతాం. లోపల చిన్న పిస్టన్, స్ప్రింగు, నూనె వెనక్కి పోకుండా ఆపే చిన్న గోళీ వాల్వు ఉంటాయి. ఇంట్లో పాత కిరోసిన్ పంపు స్టవ్ చూశారా? దాని పంపులో తోలు వాషర్ ఉంటుంది కదా, కొన్ని పాత పంపు క్యాన్లలో కూడా పిస్టన్‌కి అలాంటి తోలు వాషరే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, రిపేరు దగ్గర పనికొస్తుంది.

మూడోది పొడవు ముక్కు క్యాన్. ఆవిరి రైలింజన్ల పక్కన డ్రైవర్లు పట్టుకుని నిలబడిన పాత ఫోటోల్లో కనిపిస్తుంది. చక్రాల మధ్య, రాడ్ల వెనక చెయ్యి పెట్టలేని చోటికి నూనె అందించడానికి అంత పొడుగు ముక్కు. ఇంగ్లాండ్‌లో లీడ్స్ నగరానికి చెందిన జోసెఫ్ కే అండ్ సన్స్ కంపెనీకి ఈ రకం క్యాన్లలో మంచి పేరు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఎలైజా మెక్కాయ్. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా చేరిన దంపతుల కొడుకు. స్కాట్లండ్ వెళ్ళి ఇంజనీరింగ్ చదువుకున్నాడు. కానీ అమెరికాలో నల్లవాడికి ఇంజనీరు ఉద్యోగం ఎవరిస్తారు? రైల్వేలో బొగ్గు వేసే పని, నూనె వేసే పని ఇచ్చారు. అప్పట్లో నూనె వేయడానికి ఇంజన్ని మాటిమాటికీ ఆపాల్సి వచ్చేది. చేత్తో క్యాన్ పట్టుకుని తిరిగిన ఆ మనిషే, ఇంజన్ నడుస్తుండగానే దానంతట అదే నూనె అందించే పరికరం తయారుచేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. నూనె క్యాన్ బాధ తెలిసినవాడే దానికి మందు కనిపెట్టాడన్నమాట.

ఇవి కాక నాలుగో గుంపు ఒకటుంది. నూనె వేసేవి కాదు, నూనె అమ్మిన డబ్బాలు. బొమ్మలు, రంగులు, కంపెనీ గుర్తులు రేకు మీదే అచ్చేసినవి. కలెక్టర్లు ఎక్కువగా వెంటపడేది వీటికోసమే.

డబ్బా మీదున్న రాతే దాని పుట్టినరోజు సర్టిఫికెట్

పాత డబ్బా మీద తయారైన సంవత్సరం చాలాసార్లు ఉండదు. కానీ వయసు పట్టుకోవడానికి వేరే ఆనవాళ్ళుంటాయి. ఫోన్లో ఫోటో తీసి జూమ్ చేసి చూడండి.

ఒకటి, కంపెనీ పేరు. బర్మా షెల్ అని ఉంటే, మన దేశంలో ఆ కంపెనీ 1928లో మొదలైంది. 1976లో ప్రభుత్వం తీసుకుంది, తర్వాత భారత్ పెట్రోలియం అయింది. ఎస్సోని 1974లో ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ పెట్రోలియం చేసింది. కాల్టెక్స్ పేరు మన వైజాగ్ వాళ్ళు పెద్దవాళ్ళ నోట విని ఉంటారు. 1957లో విశాఖపట్నంలో రిఫైనరీ మొదలుపెట్టింది వాళ్ళే. 1978లో అది కూడా హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఇండియన్ ఆయిల్ వాళ్ళ సర్వో బ్రాండు వచ్చింది 1972లో. కాబట్టి "స్వాతంత్య్రం రాకముందు సర్వో డబ్బా" అని ఎవరైనా అమ్మజూపితే ఒక నవ్వు నవ్వి ముందుకెళ్ళిపోండి.

రెండు, కొలతలు. గ్యాలన్, పైంట్ అని మాత్రమే ఉంటే మన దేశపు డబ్బా చాలావరకు 1960ల మొదట్లోదో అంతకంటే ముందుదో అయ్యుంటుంది, ఎందుకంటే లీటర్ల పద్ధతి ఆ రోజుల్లోనే తప్పనిసరి అయింది. ఇంకో చిన్న విషయం. బ్రిటిష్ గ్యాలన్ సుమారు 4.55 లీటర్లు, అమెరికన్ గ్యాలన్ సుమారు 3.79 లీటర్లు. డబ్బాలో నీళ్ళు పోసి కొలిస్తే, అది ఏ లెక్క ప్రకారం చేసిందో తేలిపోతుంది.

మూడు, అడ్రసు. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. అడ్రసులో ఆరంకెల పిన్ ఉంటే డబ్బా దాని తర్వాతదే. వెస్ట్ జర్మనీలో తయారైంది అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. బార్‌కోడ్ ఉంటే ఇంక చెప్పేదేముంది, దుకాణంలో మొట్టమొదటి బార్‌కోడ్ స్కాన్ అయింది అమెరికాలో 1974లో.

నాలుగు, రైల్వే గుర్తులు. మన దగ్గర దొరికే పొడవు ముక్కు క్యాన్ల మీద ఒక్కోసారి అక్షరాలు గుద్ది ఉంటాయి. ఎన్.ఎస్.ఆర్. అంటే నిజాం స్టేట్ రైల్వే, ఎం. అండ్ ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఈ రెండూ 1951లో పెద్ద జోన్లలో కలిసిపోయాయి. ఎస్.సి.ఆర్. అంటే దక్షిణ మధ్య రైల్వే, అది పుట్టింది 1966 అక్టోబరు 2న.

రైల్వే గుర్తున్న వస్తువు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకుంటే శిక్షించడానికి 1966 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. రైల్వే తుక్కుని వేలంలో అమ్ముతుంది, అలా బయటికొచ్చింది కొనడంలో తప్పులేదు. కానీ అమ్మేవాణ్ణి "ఎక్కడిది? కాగితం ఉందా?" అని అడగండి. నీళ్ళు నమిలితే వదిలేయండి. ఎంత బాగున్నా సరే.

మన ఆముదం లింకు

క్యాస్ట్రాల్ పేరు వినని బైకు కుర్రాడు ఉండడు. ఆ పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, అందులోంచే. 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన పెట్టిన కంపెనీ, ఆముదం కలిపి తయారుచేసిన ఇంజన్ ఆయిల్‌కి 1909లో ఆ పేరు పెట్టింది.

ఆముదమే ఎందుకంటే, అది లోహానికి బాగా అంటుకుంటుంది, వేడికి మిగతా చాలా నూనెల్లాగా పల్చబడిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లలో వాడిందీ ఆముదమే. మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదాలు, మన అమ్మమ్మలు తలకి రాసిన జిడ్డు, అదే వస్తువు. దాని గొడవల్లా ఒకటే, కాలం గడిస్తే చిక్కబడి బంకలా అయిపోతుంది. మీ పాత క్యాన్ ముక్కు మూసుకుపోయి, లోపల పసుపు పచ్చటి బంక గట్టిపడి ఉంటే అలాంటి మొక్కల నూనె ఏదో వాడి ఉంటారని ఒక అంచనాకి రావచ్చు.

ఎక్కడ వెతకాలి?

మొదటి చోటు మీ ఇంటి అటక. నిజంగా. తర్వాత మీ ఊళ్ళో పాత టైలరు, సైకిల్ షాపు, మూతపడ్డ రైసు మిల్లు, ప్రింటింగ్ ప్రెస్సు, వ్యవసాయం ఇంట్లో పాత డీజిల్ ఇంజన్ షెడ్డు.

హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంది, పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్ ఉంది. గురువారం బజారన్నమాట, పేరులోనే ఉంది. పొద్దున్నే వెళ్ళాలి. విజయవాడ వాళ్ళయితే ఆటోనగర్ వైపు పాత మెకానిక్ షెడ్లలో అడిగి చూడండి.

బేరం గురించి ఒక మాట. సంతలో వ్యాపారితో బేరమాడటం వేరు, అది ఆయన పని, మన పని. కానీ ఒక ముసలి మెకానిక్ దగ్గర ఆయన నలభై ఏళ్ళు వాడిన క్యాన్ చూసి, దాని విలువ మనకి తెలిసి, ఆయనకి తెలీదని తెలిసి, "తుక్కే కదా బాబాయ్, యాభై ఇస్తా" అనడం వేరు. అలా నేనూ ఒకసారి తెచ్చాను. షెల్ఫ్‌లో దాన్ని చూసినప్పుడల్లా ముల్లులా గుచ్చుకునేది. మళ్ళీ వెళ్ళి ఇంకొంత డబ్బిచ్చి వచ్చాను. అప్పుడాయన నవ్వి, దాని ముక్కు విరిగితే ఎప్పుడు అతికించాడో, ఏ లారీ కింద పడి సొట్టబోయిందో, మొత్తం కథ చెప్పాడు. ఆ కథ ఒక చీటీ మీద రాసి క్యాన్ లోపల పెట్టాను. యాభైకి తెచ్చినప్పుడు నాకు ఆ కథ రాలేదు చూశారా.

ఇక నకిలీలు. పాతదానిలా కనిపించేలా చేసిన కొత్త డబ్బాలు ఆన్‌లైన్లో బోలెడు. గుర్తుపట్టడం ఎలా? నిజంగా వాడిన డబ్బా ఒకేలా అరగదు. చెయ్యి పట్టుకునే చోట, అంచుల్లో, అడుగున ఎక్కువ అరుగుతుంది. తుప్పు అంతటా సమానంగా, డిజైన్ వేసినట్టుగా ఉంటే అనుమానించండి. లోపల వాసన చూడండి, పాత నూనె వాసన అంత తేలిగ్గా పోదు. ఇంకోటి, ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూలు 1930ల మధ్యలో వచ్చాయి. 1910 నాటి క్యాన్ అని చెప్తూ దానికి ప్లస్ స్క్రూ ఉంటే, ఆ స్క్రూ అయినా మార్చారు, మాటైనా మార్చారు.

చెయ్యి పెట్టే ముందు నాలుగు పనులు

ఇదే ఈ ఎపిసోడ్‌లో అసలు ముక్క. స్క్రీన్‌షాట్ తీసుకున్నా పర్లేదు.

మొదటి పని: ఫోటోలు. ఆరు వైపులా, పగటి వెలుతురులో. తర్వాత గది చీకటి చేసి, ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టి మళ్ళీ తీయండి. మామూలుగా కనపడని గీతలు, గుద్దిన అక్షరాలు, పెయింటు మందం అప్పుడు నీడలుగా తేలతాయి. నేను ఆ రోజు ఈ ఒక్క పని చేసుంటే తాతయ్య అక్షరాలు కనీసం నా ఫోన్లోనైనా ఉండేవి.

రెండో పని: ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. "ఇది ఎవరిది? దేనికి వాడారు?" వాళ్ళు చెప్తుంటే రికార్డు చేయండి.

మూడో పని: అది ఏ రకం లోహమో చూడండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము లేదా రేకు. అంటుకోకపోతే ఇత్తడి, రాగి, అల్యూమినియం కావచ్చు. ఇనుము మీద బూడిద రంగులో పువ్వుల్లాంటి మరకలుంటే అది జింకు పూత. ఒకదానికి వాడిన మందు ఇంకోదానికి విషం.

నాలుగో పని: ఏం చేయాలో ఆ రోజే తేల్చొద్దు. ఒక రాత్రి ఆగండి. మూడు దార్లున్నాయి. మురికి మాత్రమే తీసి ఉన్నదున్నట్టు ఉంచడం, పనిచేసేలా బాగుచేయడం, కొత్తదానిలా మార్చేయడం. మొదటి దారిలో వెళ్ళినవాడు ఎప్పుడైనా మూడో దారికి రాగలడు. మూడో దారిలో వెళ్ళినవాడు వెనక్కి రాలేడు.

అచ్చు బొమ్మలున్న డబ్బా

దీనికి రూలు ఒక్కటే, తక్కువ చేయడమే ఎక్కువ చేయడం. థిన్నర్, పెట్రోలు, స్పిరిట్, నెయిల్ పాలిష్ తీసే మందు, గిన్నెలు తోమే పీచు, ఇవేవీ దగ్గరికి రానివ్వొద్దు. రంగులు లేచిపోతాయి.

గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క మెత్తటి సబ్బు వేసి, చెవిలో పెట్టుకునే కాటన్ పుల్లని ముంచి, ముందు అడుగున ఎవరికీ కనపడని మూల రుద్ది చూడండి. పుల్లకి మురికి అంటితే సరే. రంగు అంటితే అక్కడే ఆపేయండి. సరే అనుకుంటే రూపాయి బిళ్ళంత చోటు చొప్పున తుడుస్తూ, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడుతూ వెళ్ళండి. చివర్లో గరుకుపొడి లేని మైనం పాలిష్ పల్చగా. అంతే. సొట్టలు, గీతలు ఉండనివ్వండి. పోయిన చోట కొత్త రంగు పూస్తే కలెక్టర్ల దగ్గర దాని విలువ పెరగదు, తరుగుతుంది.

రంగులేని ఇనుప క్యాన్

ముందు లోపలి నూనె. వేడినీళ్ళు, గిన్నెలు కడిగే లిక్విడ్, గుప్పెడు బియ్యం వేసి మూత పెట్టి గిలకొట్టండి. బియ్యం లోపలి మడ్డిని గీకుతుంది. రెండు మూడు సార్లు చేయండి. ఆ జిడ్డునీళ్ళు చెట్లకీ బావి దగ్గరా పోయకండి.

తేలికపాటి తుప్పుకి నిమ్మఉప్పు చాలు. లీటరు నీళ్ళకి యాభై గ్రాములు కలిపి, ముంచి, అరగంటకోసారి తీసి చూడండి. రాత్రంతా మర్చిపోయి పడుకోకండి, తుప్పు అయ్యాక అది ఇనుముని కూడా తినడం మొదలెడుతుంది. జింకు పూత ఉన్నదానికి అసలు వద్దు, పూత కరిగిపోతుంది. తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే పల్చగా మెషిన్ ఆయిల్ పూయండి. లేకపోతే మీ కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది.

మొండి తుప్పుకి కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు, అందులో కొంచెం బట్టల సోడా. పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు మైనస్ వైరు క్యాన్‌కి, ప్లస్ వైరు ఒక పనికిరాని ఇనుప ముక్కకి, రెండూ తగలకుండా. తుప్పు వదులై ఊడిపోతుంది. ఇందులో మూడు జాగ్రత్తలు. ప్లస్ వైపు స్టీలు స్పూను పెట్టొద్దు, స్టీలులోని క్రోమియం విషపదార్థంగా నీళ్ళలోకి దిగుతుంది. బట్టల సోడా బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. బుడగలుగా పైకొచ్చేది హైడ్రోజన్, మండే వాయువు, కాబట్టి ఆరుబయటే చేయండి. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసేయండి. ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళుంటే పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే.

ఇత్తడి, రాగి క్యాన్లకి మన చింతపండు, ఉప్పు పనిచేస్తాయని మీకు తెలిసిందే. కానీ దేవుడి గదిలో చెంబుని తోమినట్టు తోమకండి. ఏళ్ళ తరబడి చేతులు తగిలి వచ్చిన ఆ ముదురు రంగే దాని అందం. మెత్తటి సబ్బుతో జిడ్డు వదిలించి ఆపేయండి.

కారుతుంటే, పంపు పనిచేయకుంటే

కారే చోటు కనుక్కోవడం పంక్చర్ షాపు పనే. ముక్కు, మూత మూసి నీళ్ళ తొట్టిలో ముంచి, సైకిల్ పంపుతో చాలా మెల్లగా కొంచెం గాలి ఇవ్వండి. బుడగలు వచ్చిన చోట మార్కు పెట్టండి. గట్టిగా కొడితే పల్చటి రేకు అతుకులు విడిపోతాయి, జాగ్రత్త.

అతుకు వేయడం మీరే నేర్చుకోవచ్చు. మీ ఊళ్ళో గిన్నెలకి మాట్లు వేసేవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళకే ఇవ్వండి. నేను కూర్చుని చూశాను, నేను గంటలో చేసే పని ఆయన మూడు నిమిషాల్లో చేశాడు, అతుకు కనపడలేదు కూడా.

ఇది మాత్రం గట్టిగా వినండి. పెట్రోలు, కిరోసిన్ లాంటివి ఉన్న డబ్బా ఖాళీగా ఉంది కదా అని దాని మీద వెల్డింగు, మంట, అతుకు పెట్టొద్దు. నిండు డబ్బా కంటే ఖాళీ డబ్బాయే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. కడిగినా అనుమానమే. ఆ పని తెలిసిన మనిషికి, అందులో ఏముండేదో చెప్పి మరీ ఇవ్వాలి.

పంపు క్యాన్ ఎంత నొక్కినా నూనె రాకపోతే, సాధారణంగా తోలు వాషర్ ఎండిపోయి ఉంటుంది. విప్పేటప్పుడు ఒక్కో ముక్క తీసిన వరసలో గుడ్డ మీద పేర్చి ఫోటో తీయండి. ఆ చిన్న గోళీ దొర్లిపోతే ఇక దొరకదు. తోలుని ఒకటి రెండు రోజులు నూనెలో నాననిస్తే చాలాసార్లు మళ్ళీ ఉబ్బి పనిచేస్తుంది. చిరిగిపోతే స్టవ్ రిపేరు షాపులో తోలు వాషర్లు చూడండి. సైజు కలిస్తే అదే వేసేయొచ్చు.

సీసం సంగతి

పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, పాత అతుకుల్లో దాదాపు ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్తే, ముఖ్యంగా చిన్నపిల్లల మెదడుకి హాని. నేను ఆ రోజు వరండాలో పొడి లేపుతూ గీకానని చెప్పాను కదా, మా అక్క కూతురు పక్కనే ఆడుకుంటోంది. తెలీక చేశాను. మీరు తెలిసి చేయకండి. పాత పెయింటుని పొడిగా గీకొద్దు, వేడి పెట్టొద్దు. తప్పదంటే తడిపి, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి, అయ్యాక తడిగుడ్డతో తుడవండి. చేతులు కడుక్కునే వరకూ ఏమీ తినకండి. బాగుచేసిన క్యాన్‌లో మెషిన్ నూనె మాత్రమే. వంటనూనె, నెయ్యి పోసి స్టైల్‌గా డైనింగ్ టేబుల్ మీద పెట్టొద్దు.

చివరగా

మొన్న మళ్ళీ ఊరెళ్ళాను. నానమ్మ తన కుట్టుమిషన్‌కి నూనె వేయమంది. తాతయ్య క్యాన్‌లో మెషిన్ ఆయిల్ పోసి తీసుకెళ్ళాను. అడుగు నొక్కితే టిక్ మంది. నానమ్మ తల తిప్పి చూసి, "ఆ సౌండు మాత్రం అదేరా" అంది. గీకినా పోనిది అదొక్కటి మిగిలింది.

మీ ఇంట్లో క్యాన్ ఉంటే, ఈ ఆదివారం దాన్ని కడగకండి. ఫోటో తీయండి, ఎవరిదో అడగండి. ఆ రెండూ చేసి, కింద కామెంట్స్‌లో దాని కథ రాయండి. గుర్తులు అర్థంకాకపోతే ఫోటో పెట్టండి, నాకు తెలిస్తే చెప్తాను, లేకపోతే చదివేవాళ్ళలో ఎవరో ఒకరు చెప్తారు. వచ్చే ఎపిసోడ్‌లో పాత పెట్రోమాక్స్ లైట్లు. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.